డాల్ఫిన్లు చూడబోయిన చలికాలం

నేను మస్కట్ పోతున్న అని తెలిసి నాగయ్య మెట్‌పల్లిల బస్సెక్కి కరీంనగర్ వచ్చిండు. ఎప్పుడొచ్చినా ఉత్త చేతులతోని వచ్చే మనిషి కాదు. ఆసారి సంచి నిండ అనపకాయలు తెచ్చిండు. చెప్పులు గేటు బయటనే ఇడిసి, సంచి వాకిట్ల దించి, మెట్ల మీద కూసున్నడు. నక్సలైట్ అన్నల భయానికి మేం ఊరిడిసి టౌనుకొచ్చి ఏండ్లు గడిచినయి. ఊళ్లె మా పొలాలు, మామిడితోట ఆయనే చూస్తుండె. అయినా మా ఇంటి గడప దాటి లోపలికి రావాలన్న ఆలోచన ఆయనకెప్పుడు రాలే. రమ్మనాలన్న ఆలోచన మాకు గూడ రాలే.

"దొరసానీ, మా కొడుకు ముత్యం గూడ గాడనే ఉన్నడట," అన్నడు. "దుబాయో, మస్కటో. కోరుట్లల ఒకాయన చెప్పిండు. పోయినప్పటి సంది ఒక్క ఉత్తరం లేదు. కనవడ్తె జర అడుగున్రి."

"గల్ఫ్ అంటె మెట్‌పల్లి అంగడి అనుకున్నవా నాగయ్యా, ఎదురువడనీకి?"

నేను నవ్వుకుంటనే అన్న. ఆయన గూడ నవ్విండు.

"గది గూడ నిజమే. అయినా చెవున ఏస్తున్న. బతికున్నడో లేడో తెలిస్తె సాలు."

నవ్వు ఇంకా మొఖం మీద ఉండంగనే ఆ మాట అన్నడు. నేనేమన్న అనేలోపట లోపలికెల్లి మా ఆయన కేకేసిండు.

"ఒరే నాగిగా, ఎట్లాగు వచ్చినవు గని, మీదికెక్కి ట్యాంకు మూత జర చూసి పో."

నాగయ్య లేసి పోయిండు. మా ఆయన బాలకిషన్‌రావు కంటె నాగయ్య వయసుల పెద్దోడు. ఆ సంగతి నాకు ఆ రోజు యాదికి రాలే. చానా రోజుల తర్వాత వచ్చింది.

మా కొడుకు ఉపేందర్ మస్కట్ల డాక్టరు. చలికాలం అక్కడ హాయిగ ఉంటది, వచ్చి ఉండి పోమ్మా అని టికెట్ పంపిండు. మా ఆయనకు కోర్టు వాయిదాలు ఉండబట్టి నేనొక్కదాన్నే పోయిన. కోడలు ప్రమోదిని మంచిది. పొద్దంత నన్ను కార్ల తిప్పుతుండె. గోదావరిల మునుగుడు తప్ప నీళ్ల సంగతి తెలియని నేను మొదటిసారి సముద్రం చూసి, ఇదేంది, అవతలి ఒడ్డే లేదు అంటె నవ్వింది.

ఒక శుక్రవారం పొద్దుగాల ఉపేందర్ నన్ను లేపి, "డాల్ఫిన్లను చూడపోదాం," అన్నడు. పెద్ద పడవల కాదట. సన్నగ, పొడుగుగ, ఇద్దరు మాత్రమే కూసునే పడవ ఉంటదట, కయాక్ అంటరట. చీరె కట్టుకోని కూసునుడు కుదరదని ప్రమోదిని తన పంజాబీ డ్రెస్ తొడిగిచ్చింది. అరవై దాటినంక మొదటిసారి తొడుక్కున్న. కారు దిగి ఇసుకల నడుస్తుంటె అందరు నా కాళ్లనే చూస్తున్నరనిపించి సిగ్గయింది.

ఒడ్డు మీద రంగురంగుల పడవలు బోర్లేసి ఉన్నయి. వాటి కాడ ఒక పిలగాడు నిలవడ్డడు. ముప్పై లోపటి వయసు. ఎండకు మొఖం నల్లగ మాడింది. నెత్తికి టోపి, కండ్లకు నల్ల అద్దాలు. అంగీ మీద ఇంగ్లీషుల మోతి అని పేరు రాసి ఉంది. మేం కారు దిగుతుంటె ఆయన ఒక్క ఘడియ చేతిల పని ఆపి మా దిక్కు చూసిండు. వచ్చెటోళ్లను అందర్ని అట్లనే చూస్తడు గావచ్చనుకున్న.

హిందీల మాట్లాడిండు. కొత్తగ వచ్చినోళ్లకు చెప్పెటియి అన్ని చెప్పిండు, తొందర లేకుంట. ముందుగాల లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు గుంజి, ఊపిరి ఆడుతుందా అని అడిగిండు. నా కండ్లద్దాలకు దారం కట్టి మెడల ఏసిండు. "నీళ్లల్ల పడితె భయపడకున్రి, జాకెట్ మునుగనియ్యది. పడవను ఇడిసి ఈదకున్రి, దాన్నే పట్టుకోన్రి. లేసి నిలవడొద్దు. తెడ్డును గట్టిగ పిసుకొద్దు, బొబ్బలొస్తయి. పక్కన నీళ్లను చూస్తె కడుపుల తిప్పుతది, దూరంగ చూడున్రి. పొద్దెక్కితె గాలి లేస్తది, గాలి లేవకముందే మనం ఒడ్డుకు మర్రుతం. ఇగ డాల్ఫిన్లు కనవడ్తె వాటి ఎంబడి పడొద్దు. మనం ఆగాలె. వాటికి ఇష్టమైతె అవే వస్తయి."

"ఇష్టం లేకుంటె?" ఉపేందర్ అడిగిండు.

"రావు సాబ్."

"మరి మేమెందుకొచ్చినట్టు?"

"సముద్రం చూసినట్టు," అన్నడు మోతి. ఉపేందర్‌కు ఆ జవాబు నచ్చింది. నవ్విండు.

నన్ను ముందర కూసోబెట్టి మోతి వెనుక కూసున్నడు. ఉపేందర్, ప్రమోదిని ఇంకో దాంట్ల. వాళ్లు ఇంతకుముందు రెండుమూడు సార్లు వచ్చినోళ్లే. ఒడ్డిడిసినంక మొదట్ల నా పానం నా కాడ లేదు. కూసున్న కాడ నీళ్లు నా నడుము ఎత్తుల ఉన్నయి. వెనుకకెల్లి తెడ్డు నీళ్లల్ల పడ్డ చప్పుడు, లేసిన చప్పుడు, అదే వరుస వినవడ్తుంటె మెల్లమెల్లగ గుండె నిమ్మలమయింది. అలలు లేవు. ఒడ్డు పొడుగుత మా కరీంనగర్ కాడి ఎల్గందల గుట్ట లెక్క బోడిగుట్టలు. ఎండ అప్పుడే వాటి మీదికి వస్తుంది.

ఉపేందర్ వాళ్ల పడవ మా పక్కకే వచ్చింది. కొడుక్కు ఆ రోజు మస్తు సంబురంగ ఉంది. తెలుగుల అందుకున్నడు.

"అమ్మా, ఈ మోతిని చూస్తె నీకెవరన్న యాదికొస్తున్నరా?"

"ఎవరు?"

"మన నాగిగాడు. అవే చెవులు చూడు."

ప్రమోదిని నాగిగాడెవరని అడిగింది. అంతే, ఉపేందర్ కథ మొదలువెట్టిండు. మా ఇంట్ల అన్నం కాడ ఎన్నిసార్లో చెప్పుకున్న కథ అది. వానకాలం వాగొస్తె బడికి పోనీకి నాగయ్య భుజాల మీద ఎక్కి దాటుతుండె. "ఎడమ చెవి గుంజితె ఎడమకు తిరగాలె, కుడి చెవి గుంజితె కుడికి. గుర్రం లెక్క సకిలించెటోడు గూడ. ఒకపారి వాగు నడుమ నిలవెట్టి, మునుగురా నాగిగా అన్న. నన్ను రెండు చేతులతోని మీదికి లేపి పట్టుకోని, తాను మునిగిండు. నేను లే అనేదాక లేవలే. వాని కొడుకు గట్టు మీద నిలవడి ఒకటే ఏడుపు, వాళ్ల బాపు సచ్చిపోయిండని."

ప్రమోదిని నవ్వింది. నేను గూడ నవ్విన.

నా వెనుక తెడ్డు ఆగింది.

డాల్ఫిన్లు కనవడ్డయేమో, అందుకే ఆపిండేమో అనుకున్న. నాకొచ్చిన హిందీల, "ఆయా క్యా?" అని అడిగిన. తెడ్డుకెల్లి నీటిబొట్లు రాలుతున్న చప్పుడు మాత్రం వినవడ్తుంది. పడవ తనంతల తానే కొంచెం దూరం జారి నిలవడ్డది.

అప్పుడే అవి వచ్చినయి. ముందుగాల ఊపిరి ఇడిసిన చప్పుడు, మనిషి పెద్దగ నిట్టూర్చినట్టు. ఆ వెనుక నున్నటి నల్ల ఈపు ఒకటి నీళ్లల్లకెల్లి లేసి మల్ల మునిగింది. దాని పక్కకు ఇంకోటి. తల్లి పక్కన పిల్ల. మా పడవ కిందికెల్లి పోయి అవతల తేలినయి. నా జన్మల అంత అందమైనది చూడలే. అన్ని మరిచిపోయి పక్కకు ఒంగిన, చేత్తోని అందుకోనీకి. పడవ ఒరిగింది.

"అటు ఒంగకున్రి అమ్మా. నడుమ కూసోన్రి, పడ్తం."

నేను నడుమ కూసున్న. కూసున్నంక గని నాకు సమజ్ కాలే, ఆ మాట ఏ భాషల వచ్చిందో. ఉత్త తెలుగు కాదు. మా దిక్కు తెలుగు.

ఉపేందర్ వాళ్లు అప్పటికి డాల్ఫిన్ల సంబురంల దూరం జరిగిండ్రు. మెల్లగ అడిగిన.

"మీదే ఊరు బిడ్డా?"

తెడ్డు మల్ల నీళ్లల్ల పడ్డది.

"నిజాంబాద్ దిక్కు."

"ఎవరి పిలగానివి?"

"నాకెవ్వలు లేరు."

హిందీల మోతి అంటె ముత్యం. మా ఇంట్ల ఉర్దూ తెలియనోళ్లు లేరు. అయినా ఆ పేరు అంగీ మీద చదివినప్పుడు నాకు తట్టలే. వెనక్కి తిరిగి ఆయన మొఖం చూడాలనుకున్న. తిరిగితె పడవ ఒరుగుతదనుకున్న. నిజానికి చూసే ధైర్యం లేకుండె, పడవ ఒక సాకు. అవతలికెల్లి ఉపేందర్, అమ్మా అటు చూడు, అటు చూడు అని పిలుస్తనే ఉన్నడు. చూసిన. ఏం చూసిన్నో తెలియదు.

ఒడ్డుకొచ్చినంక చెయ్యి పట్టి దించిండు. ఇసుకనే చూస్తున్నడు. ఉపేందర్ ఆయన భుజం తట్టి, షాబాష్ మోతి అన్నడు.

ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. అన్నం సయించలే. ఎండ దెబ్బ కావచ్చని కొడుకు మందు ఇచ్చిండు, ఏసుకున్న. తర్వాత ఒక రోజు, ఉపేందర్ దవాఖానకు పోయినంక, ఇంకోపారి సముద్రం చూస్తనని ప్రమోదినిని అడిగిన. తోలుకపోయింది. ఆమెను కారు కాడ ఉండుమని నేనొక్కదాన్నే పడవల కాడికి నడిచిన. ఆయన మంచినీళ్ల పైపు పట్టుకోని పడవలు కడుగుతున్నడు.

"ముత్యం," అని పిలిచిన.

పైపు కింద పెట్టిండు. నల్ల అద్దాలు తీసిండు. నాగయ్య కండ్లే.

"మీరు కారు దిగంగనే గుర్తువట్టిన దొరసానీ."

"మరి చెప్తె ఏమైతుండె?"

"ఏం గాకపోతుండె. చిన్నదొర, ఏందిరా ముత్తిగా అంటుండె. గంతే." గొంతుల కోపం లేదు. "ఈడ నన్ను గట్ల ఎవ్వలు పిలువరు. వచ్చినోళ్లు ఎంత పెద్దోళ్లయినా, నేను కూసోమంటె కూసుంటరు, ఆగుమంటె ఆగుతరు. మొన్న చిన్నదొర గూడ ఆగిండు."

"మీ బాపు నువ్వు బతికున్నవో లేవో అని తండ్లాడ్తుండు. ఒక్క ఉత్తరం రాయరాదా బిడ్డా."

"రాస్తె ఎవ్వలతోని సదివిచ్చుకుంటడు?"

నాకు వెంటనే అర్థం కాలే. ఆయననే చెప్పిండు.

"బస్సెక్కి మీ ఇంటికే తెస్తడు. మెట్ల మీద కూసుంటడు. పెద్దదొర కుర్చీల కూసోని బయటికి సదువుతడు. మా అక్క భీవండికెల్లి రాసినయి అన్ని గట్లనే సదివిండు గదా. మా బాపుకు, మా అవ్వకు నేను రాసుకునే మాటలు మీ ఇంట్ల అందరు ఇనాలె. నాకు గది ఇష్టం లేదు."

నాగయ్య బిడ్డ భీవండికెల్లి రాసిన కార్డును మా ఆయన సదివింది నాకు యాదికున్నది. మొగడు కొడుతున్నడని రాసింది. సక్కగ రాయరాక మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. ఆ మాటలే మా ఆయన అన్నం కాడ మల్ల సదివినట్టు చేసి అందర్ని నవ్విచ్చిండు. నేను వడ్డిస్తున్న.

"ఇంకోటి దొరసానీ. నేనీడున్నట్టు తెలిస్తె బాపు చిన్నదొర కాళ్లు మొక్కుతడు, మా పోరన్ని జర అరుసుకోన్రి అని. నా రెక్కల మీద నేను బతుకుతున్న. నాకోసం మా బాపు ఇంకెవ్వల కాళ్లు మొక్కద్దు."

మాఫ్ చెయ్యి బిడ్డా అన్న మాట నా నోటిదాక వచ్చింది. ఇన్నేండ్లు ఆ ఇంటి అన్నం తిని, పరాయి దేశంల ఇసుక మీద నిలవడి ఒక్క మాట అనేస్తె నా మనసుకు నిమ్మలమైతది గని ఆయనకేమొస్తది? మింగిన.

"మరి మీ బాపుకు ఏమని చెప్పాలె?"

ఆలోచించిండు. "బతికున్న అని చెప్పున్రి. మంచిగనే ఉన్న అని. గంతే."

కార్ల కూసున్నంక ప్రమోదిని నా కండ్లు చూసి ఊకోలే, అడిగింది. చెప్పిన. ఉపేందర్‌కు చెప్పద్దని గూడ చెప్పిన. ఆమె మొగనికి దాచుడు తెలియని పిల్ల. రెండు రోజులు ఆగింది, మూడో రోజు చెప్పింది. ఆమె తప్పు లేదు. చెప్పద్దన్నది ఎందుకో నేను చెప్పలేదాయె.

ఆ మరునాడు ఉపేందర్ ఇంటికి వచ్చుడే సంబురంగ వచ్చిండు.

"అమ్మా, మోతి మన నాగిగాని కొడుకట గదా. ముందే చెప్పద్దా?" అన్నడు. దవాఖానకెల్లి వచ్చుకుంట ఒడ్డు కాడ ఆగి, పడవల ఓనరును కలిసిండట. వాడు మావాడు, మా ఇంటి మనిషే, జర మంచిగ చూసుకోన్రి అని చెప్పిండట. ముత్యంను పిలిచి, ఈ ఎండల ఏం బతుకురా ముత్తిగా, మా దవాఖానల వార్డుబాయ్ పనిప్పిస్త రా అన్నడట.

"ఏమన్నడు?"

"ఏమంటడు, సరే దొరా అన్నడు. తల వంచుకోని, చేతులు కట్టుకోని. అచ్చం నాగిగాడే."

ప్రేమతోనే చెప్తున్నడు. నా కొడుకు చెడ్డోడు కాదు. పేదోళ్లకు ఊకెనే వైద్యం చేస్తడని మస్కట్ల మనోళ్లందరు చెప్పుకుంటరు. చెడ్డోడయితె నాకు అంత కష్టం ఉండకపోతుండె.

"ఉపేందర్, ఆ రోజు నువ్వు చెప్పిన వాగు కథ ఆయన విన్నడు," అన్న.

"తెలుగుల చెప్పిన గదమ్మా," అన్నడు. అని, ఆగిండు. చేతిలున్న చాయ్ కప్పు బల్ల మీద పెట్టిండు. గట్టు మీద ఏడ్సుకుంట నిలవడ్డ పిలగాడు ఎవడో అప్పుడు సమజయింది కొడుక్కు.

"నేను నాగి... నాగయ్య మీద పానం ఉండే చెప్పిన," అన్నడు.

"తెలుసు."

"మల్ల పోయి మాట్లాడ్త."

ఆ శుక్రవారం ముగ్గురం పోయినం. పడవల కాడ ఎవరో మలయాళీ పిలగాడు ఉన్నడు. మోతి పని ఇడిసి పోయిండన్నడు. సూర్ ఊరి దిక్కు పోయిండో, సలాలా పోయిండో తెలియదన్నడు. ఎంత మంచి పని, ఎందుకిడిసిండో అని ఆయనే మమ్ముల అడిగిండు. పడవ ఎక్కుతరా అంటె ఉపేందర్ తల అడ్డంగ ఊపి కారు దిక్కు మర్రిండు. ఆనాటి సంది మా ఇంట్ల వాగు కథ ఎవ్వరు చెప్పలే. అన్నం కాడ నవ్వు గూడ తగ్గింది. ఉపేందర్ ఒకటి రెండుసార్లు సూర్ పోయొచ్చినట్టు ప్రమోదిని తర్వాత ఫోన్ల చెప్పింది. దొరకలేదట.

శివరాత్రి దాటినంక కరీంనగర్ వచ్చిన. నేనొచ్చిన కబురు ఎట్లందిందో, నాగయ్య మరునాడే వచ్చిండు. చెప్పులు బయట ఇడిసి మెట్ల మీద కూసున్నడు.

"లోపలికి రా నాగయ్యా," అన్న. నా గొంతు నాకే కొత్తగ వినవడ్డది.

"ఈడ మంచిగుంది దొరసానీ. సల్లగుంది."

పోయి ఆయన పక్కన మెట్టు మీద కూసున్న. ఆయన గబుక్కున లేసి రెండు మెట్లు దిగి కూసున్నడు. ఇగ అట్లనే చెప్పిన. ముత్యం కనవడ్డడని. బతికున్నడని. మంచిగనే ఉన్నడని. సముద్రంల సన్న పడవల మీద జనాన్ని తోలుకపోయి డాల్ఫిన్లనే పెద్ద చేపలను చూపిస్తడని. పెద్దపెద్దోళ్లు గూడ ఆయన మాట ఇంటరని. నాగయ్య కండువ మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. భుజాలు కదులుతున్నయి. ఏడ్వనిచ్చిన.

తర్వాత కండువ తీసి, "మరి ఉత్తరమెందుకు రాయడట?" అన్నడు.

బతికున్నడని చెప్పున్రి, గంతే అన్నడు ముత్యం. అక్కడ ఆగిపోతె ఎవ్వలు నన్ను అడుగకపోదురు. ఆగలేకపోయిన. ఉత్తరమొస్తె ఎవ్వలింట్ల సదువుతరో, ఎట్ల సదువుతరో, ఎట్ల నవ్వుతరో చెప్పిన. మా కొడుకు పోయి మావాడు అన్నందుకు ఆ పని గూడ ఇడిసి పోయిండని చెప్పిన. నాగయ్య వాకిట్ల బండ దిక్కే చూసుకుంట ఇన్నడు.

"వానికి నేనంటె నామోషి అనుకున్న ఇన్నేండ్లు," అన్నడు.

"నువ్వంటె కాదు నాగయ్యా. మేమంటె."

లోపలికెల్లి మా ఆయన గొంతు వినవడ్డది. "ఎవరు, నాగిగాడా? ఒరే, మామిడితోట కాపు సంగతి ఏమాయెరా?"

నాగయ్య పలుకలే. మా ఆయన మల్ల పిలిచిండు. నాగయ్య లేసిండు. కండువ దులిపి భుజం మీద ఏసుకున్నడు. ఎన్నడు గూడ పోయొస్త దొరసానీ అనేటోడు. ఆ రోజు, "పోత," అన్నడు. గేటు తీసి, చెప్పులు తొడుక్కోని, బస్టాండు దిక్కు నడిచిండు. మా ఆయన బయటికొచ్చి, పిలుస్తుంటె పోతడేంది వాడు అన్నడు. చెవులు మందమైనయేమో అన్నడు. నేను లేసి లోపలికి పోయిన.

తర్వాత నాగయ్య మా ఇంటికి రాలే. మామిడితోట ఊళ్లె రాయమల్లు కౌలుకు పట్టిండు.

వానలు పడ్డంక మా ఊరి లింగవ్వ పెద్ద దవాఖానకు వచ్చి, మా ఇంట్ల జరసేపు కూసుంది. ఈసారి నేను రమ్మనంగనే లోపలికి వచ్చి చాప మీద కూసోని చాయ్ తాగింది. ఊరి ముచ్చట్లు చెప్పుకుంట, కోరుట్లాయనతోని నాగయ్య కబురు పంపితె ముత్యం ఉత్తరం రాసిండని చెప్పింది. ఒకటి కాదు, నెలకొకటి వస్తుందట. రాయమల్లు బిడ్డ పదో తరగతి సదువుతుంది, ఆ పిల్ల నాగయ్య ఇంటికే పోయి, తలుపు దగ్గరికేసి, ముసలోళ్లిద్దరికి సదివి ఇనిపిస్తుందట.

"ఏం రాసిండట?" అన్న.

లింగవ్వ చాయ్ కప్పును రెండు చేతులల్ల తిప్పుకుంట కూసుంది.

"నాగయ్య ఆ పిల్లకు ఒట్టు పెట్టిండట దొరసానీ, దొరోళ్లకు ఎరుక కావద్దని. నాకు గూడ తెల్వది. తెలిసినా మీకు చెప్పకపోదును, ఏమనుకోకున్రి."

"మంచిపని చేసిండు," అన్న. ఆ మాట అంటూ ఆమె మొఖం దిక్కు చూడలేక, ఖాళీ కప్పు అందుకోని వంటింట్లకు పోయిన.